నాటెటాల్

రొయ్యల ఫ్యాక్టరీలో నా డ్యూటీ తలుపు దగ్గర.
క్లోరిన్ నీళ్ళ తొట్టి, సబ్బు, నీలం టోపీల డబ్బా,
వాటితోబాటు నేను.
లోపలికెళ్ళే ఏ చెయ్యైనా
ముందు నా కళ్ళెదుట తడవాలి.

ఫారిన్ వాళ్ళు తనిఖీకొస్తున్నారని
నెల్రోజులు ముందే
క్యాంటీన్ బల్లల దగ్గర ఇంగ్లీషు మొదలెట్టించారు.
ఏసుపాదం మాస్టారు,
రొయ్య తలల కంపుకి ముక్కు మూసుకోని ఒకే ఒక్క పెద్దాయన,
"వాష్ యువర్ హ్యాండ్స్ అనకండమ్మా,
కర్రతో అదిలించినట్టుంటది.
ప్లీజ్ కలపండి. చాలకపోతే కుడ్ యూ.
అదీ చాలనంత పెద్దోళ్ళైతే
వుడ్ యూ మైండ్."

అంటే ఏంటండీ, అంది రూతు.
సుద్దముక్క నలుపుతూ చాలాసేపు ఆలోచించి
"ఏమీ అనుకోకపోతే" అన్నారాయన.
ఓస్, ఇదా!
మా వీధిలో చింతపండు అప్పడిగే మాట గదా ఇది.

జవాబు దగ్గర చిక్కొచ్చింది.
సరేనంటే తప్పంట, కాదనాలంట,
కాదంటేనే ఔనంట.
"అబ్బే, దానిదేవుందండీ అంటామా లేదా?
అదే నాటెటాల్."

ఆ రాత్రి షిఫ్టు బస్సు
యనమదుర్రు గట్టెంట ఊగుతుంటే
లెక్కేసుకున్నాను,
నాతో ఎవరెవరు అబ్బే అన్నారా అని.
గోదారోళ్ళ మర్యాద లోకమంతా చెప్పుకుంటది.
కుక్కనైనా అండీ అనే అదిలిస్తారని ఎటకారం.
నిజమేగానీ
మర్యాద కూడా కాలవ నీళ్ళలాంటిదే,
తూము దగ్గర చేలు ముందు తాగుతాయి.
శివారుకొచ్చేసరికి
అండీ ఎక్కడో ఇంకిపోయి
ఒట్టి ఏయ్ మిగులుద్ది.
మాది శివారు.
నా పేరు కెజియా. సూపర్‌వైజరుకి మాత్రం ఏయ్ టోపీ.
ఊడుపుల్లో మా అమ్మ పేరు ఒసే.
అమ్మ మాత్రం ప్రతి మాటకీ ఆయ్ అనేది,
వంగిన నడుం ఎత్తకుండానే.

తనిఖీ రోజు
పొడుగాటి తెల్లాయన, ఫోను చూసుకుంటూ
తొట్టి దాటేస్తున్నాడు.
వెనకాల మేనేజరు, ఆ వెనకాల ఓనరుగారు.
ఎవ్వరూ నోరెత్తలేదు.
నేను అడ్డం నిలబడ్డాను.
కాళ్ళు వణికాయి, ఇంగ్లీషు వణకలేదు.
వుడ్ యూ మైండ్ వాషింగ్ యువర్ హ్యాండ్స్, సర్.
తలెత్తి చూసి
నాటెటాల్ అన్నాడు.
గుండె జారిపోయింది. కుదరదన్నాడనుకున్నా.
నెల్రోజుల చదువు ఆ క్షణాన కాలవలో పడింది.
కదలకుండా నిలబడ్డా.
ఆయన నా పక్కనుంచి వంగి సబ్బందుకున్నాడు.
అప్పుడు గుర్తొచ్చింది, అబ్బే.

తర్వాత మేనేజరు కడుక్కున్నాడు. తర్వాత ఓనరుగారు.
ఆరేళ్ళుగా ఆ చేతులు
ఈ తలుపులో తడవడం నేను చూళ్ళేదు.
తెలుగులో ఆయన్ని బతిమాలగలను,
దణ్ణం పెట్టగలను,
అడగడానికే నాకు వాక్యం లేదు.
అందుకని అదే మాట, ముక్క మార్చకుండా.
అందులో యూ ఒకటే,
తెల్లాయనకీ అదే, ఈయనకీ అదే.
ఓనరుగారు ఒక చూపు చూశారు,
ఆ చూపు ఇంగ్లీషులో లేదు.
జేబుల్లోంచి చేతులు తీశారు.
నాలుగు ఉంగరాల మీదుగా నీళ్ళు పోశాను.
నాటెటాల్ అనలేదు.

మర్నాడు సూపర్‌వైజరు
"ఏయ్ టోపీ, తలుపు తియ్" అన్నాడు.
"ఏమీ అనుకోకపోతే, చేతులు కడుక్కోండి" అన్నాను,
తెలుగులోనే.
నా గొంతులో ఎలా ఉంటదో వినాలనిపించింది, అంతే.
నన్ను చూశాడు, తొట్టిని చూశాడు.
కడుక్కున్నాడు.
తుడుచుకోడానికి అటూ ఇటూ వెతికి
"తువ్వాలెక్కడమ్మా" అన్నాడు.

అమ్మా అన్నాడు.
అండీకి ఇంకా రెండు తూములున్నాయి.